చమురు నడచు త్రోవ

మోటారుబండి నడచునపుడు బయటివారికి వినబడునది ఇంజను చప్పుడు. ఆ చప్పుడు మాటున, ఎవరి చెవికిని సోకకుండ, చమురు తిరుగుచుండును. ఇంజను అడుగున సంపు అను తొట్టి కలదు. అందలి చమురును పంపు పీల్చి, సన్నని దారుల వెంట క్రాంకు బేరింగులకును, పైనున్న వాల్వులకును అందించును. పని ముగించుకొన్న చమురు మరల జారి తొట్టిలో పడును. బేరింగునకును, దానిలో తిరుగు ఇరుసునకును నడుమ నుండు ఎడము మిల్లీమీటరులో ఇరువదవ వంతునకు అటునిటు. మన తలవెండ్రుక దాదాపు అంత లావుండును. ఆ కొద్ది ఎడములో చమురు పొరగా నిలిచి, లోహమునకు లోహము తగులకుండ కాపాడుచుండును. ఆ పొర తెగినచో ఎంత గొప్ప ఇంజనైనను కొన్ని నిమిషములలో పట్టుకొనిపోవును.

చమురు ఎల్లప్పుడును నిర్మలముగ నుండదు. మండిన ఇంధనపు మసి దానిలో కలియును. రాపిడివలన రాలిన లోహపు రజను కలియును. గాలితోపాటు లోనికి చేరిన దుమ్ము కలియును. ఈ మురికిని పట్టి యుంచుటకే ఆయిల్ ఫిల్టరు ఏర్పడినది.

మొదటి కాలపు బండ్లకు ఈ సాధనము లేదు. 1908 మొదలు 1927 వఱకు దాదాపు కోటిన్నర తయారైన ఫోర్డు కంపెనీవారి ‘మోడల్ టి’ బండికి చమురు పంపు గాని, ఫిల్టరు గాని లేకుండెను. తిరుగుచున్న చక్రము చమురును చిమ్ముచుండగా, అదియే లోపలి భాగములకు తగులుచుండెను. 1923లో ఎర్నెస్టు స్వీట్లాండు, జార్జి గ్రీన్‌హాల్గ్ అను ఇద్దరు అమెరికనులు మోటారుబండి చమురును వడపోయు సాధనము నొకదానిని కల్పించి, దానికి ‘ప్యూరోలేటరు’ అని పేరిడిరి. ‘తరువాత శుద్ధమైన చమురు’ అను అర్థము వచ్చు మూడు ఇంగ్లీషు మాటలను కుదించి ఆ పేరు కట్టిరి. యంత్రము కల్పించుటలోనే కాక పేరు పెట్టుటలోను వారు నేర్పరులు. తొలి ఫిల్టరులగుండ చమురంతయు పోవుట లేదు. కొంత భాగము మాత్రము ప్రక్కదారిని వచ్చి వడపోయబడుచుండెను. బేరింగులకు పోవు చమురంతయు ముందుగ ఫిల్టరును దాటిపోవు ఏర్పాటు తరువాతి కాలమున వచ్చినది.

మన దేశమున, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడలో 2014 వఱకు తయారైన అంబాసిడరు కారును ఎరుగని పెద్దలు లేరు. దానికి చాలకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనునకు ఫిల్టరు గిన్నె రూపమున నుండెను. గిన్నె విప్పి లోపలి వడపోతచుట్టను మాత్రము మార్చుచుండిరి. ఇతర ఇంజనులలో చాలవానికి మరతో బిగించు రేకుడబ్బా ఫిల్టరు వచ్చినది. దానిని విప్పదీయుట, పారవేయుట, క్రొత్తదానిని బిగించుట, అంతే పని.

ఆ రేకుడబ్బాను చేతిలోనికి తీసికొని మూతివైపు చూచినచో, నడుమ మరచుట్లు గల పెద్ద రంధ్ర మొకటియు, దాని చుట్టును చిన్న రంధ్రముల వరుసయు కనబడును. మురికి చమురు చిన్న రంధ్రములగుండ లోనికి పోవును. మడతలు మడతలుగ నున్న కాగితమును బయటినుండి లోపలికి దాటును. శుభ్రమై నడిమి పెద్ద రంధ్రముగుండ ఇంజనులోనికి పోవును. చదువరులు ఈ త్రోవను గుర్తుంచుకొనవలెను. దీనిని తలక్రిందులు చేయుటవలన ఒక బండికి ఎంత ముప్పు రానుండెనో మీదట తెలియును.

1996వ సంవత్సరమున గుడివాడలో ఒక టాక్సీ డ్రైవరు ఉండెను. అతని అంబాసిడరు పాతది. పెట్రోలు ఖర్చునకు తాళలేక, ఒక వ్యానునుండి తీసిన డీజిల్ ఇంజనును అప్పు చేసి కొని దానిలో వేయించి, ఆ మార్పును రిజిస్ట్రేషను పుస్తకమున వ్రాయించుకొనెను. ఇంజను మంచిదే. కాని వ్యానులో దానికున్న చోటు కారులో లేదు. ఫిల్టరు పోయి పోయి పొగగొట్టమునకును స్టీరింగు కడ్డీకిని నడుమ ఇరుకున పడినది. దానిని విప్పుదమన్న చేయి పట్టదు. పట్టిన చేయి కాలును. సగము విప్పగనే డబ్బాలోని నల్లని చమురు వేడి గొట్టముమీద పడి పొగలు గ్రక్కును. ఒకసారి ఆ పొగ చూచి టీకొట్టువాడు నీళ్ళబిందెతో పరుగెత్తి వచ్చెను. చమురు మంటపై నీరు పోయరాదని అతనికి తెలియదు పాపము. అదృష్టవశమున మంట లేవలేదు.

ఈ బాధ పడలేక డ్రైవరు, ఐదువేల కిలోమీటర్ల కొకసారి మార్చవలసిన ఫిల్టరును ఎనిమిది వేలకు, తరువాత పండ్రెండు వేలకు మార్పసాగెను. చమురు మాత్రము మార్చి ఫిల్టరును అట్లే విడిచిన సందర్భములును కలవు. దీనిని సోమరితనమనుట న్యాయము కాదు. తెల్లవారుజామున లేచి రాత్రి పదిగంటల వఱకు బండి నడుపు మనిషి అతడు. చేయుటకు కష్టమైన పని వాయిదా పడుట లోకసహజము. తఱచుగ మార్చవలసిన వస్తువును చేతికందుచోట నుంచుట యంత్రము కూర్చినవారి బాధ్యత.

పూడిపోయిన ఫిల్టరుతో ఇంజను వెంటనే ఆగిపోయినచో ఒక విధముగ మేలే. యజమాని కనులు తెరచును. కాని అట్లు జరుగదు. కాగితము పూడి చమురు దాటలేనపుడు, బేరింగులు ఎండిపోకుండుటకై, బైపాస్ వాల్వు అను చిన్న తలుపు తెరచుకొనును. అప్పుడు వడపోయని చమురే ఇంజనులోనికి పోవును. బండి ఎప్పటివలెనే నడచును. ఫిల్టరు ఉన్నదని యజమాని అనుకొనుచుండును. నిజమునకు అది లేనట్లే.

ఆ సంవత్సరము వేసవిలో బందరునుండి తిరిగి వచ్చుచు రైలుగేటు వద్ద బండి ఆపినపుడు, డ్రైవరు ఎదుట చమురు వత్తిడిని తెలుపు ఎఱ్ఱదీపము మినుకుమినుకుమనెను. ఇంజను వేగము పెంచగనే ఆరిపోయెను. గేటు తెరచువఱకు అతడు ఆ దీపమునే చూచుచు కూర్చుండెను. మఱునాడు బండిని త్రాడు కట్టించి లాగించుకొని విజయవాడ ఆటోనగరులోని ఒక వృద్ధ మేస్త్రి షెడ్డునకు చేర్చెను.

మేస్త్రికి అరువదియేండ్లు. చదువు లేదు, ఇంగ్లీషు అక్షరములు అసలే రావు. ఆయన ముందుగ ఇంజనును ముట్టుకొనలేదు. ఫిల్టరును విప్పి, అంచును ఉలితో లేపి, రేకుకత్తెరతో చుట్టును కత్తిరించెను. రంపముతో కోయరాదట. రంపపు రజను లోపల పడినచో, అది ఇంజనునుండి వచ్చినదో, రంపమునుండి వచ్చినదో చెప్పలేము. లోపలి కాగితపు మడతలు నలిగి ఒకదానికొకటి అంటుకొని యుండెను. ఆయన ఒక మడతను పిండి, వ్రేలిపై పూసికొని ఎండలో త్రిప్పి చూపెను. నల్లని మసి నడుమ సన్నని మెరుపులు.

“ఇది బేరింగు మెరుపు. ఇంకో నెల తిప్పితే క్రాంకు కూడా పోయేది. ఈ ఫిల్టరు ఎక్కడ కొన్నావయ్యా?” అని అడిగెను.

డ్రైవరు కొన్న దుకాణము చెప్పెను. పేరున్న కంపెనీ పెట్టెవంటి పెట్టెయే, రంగులును అవే. నలుబది రూపాయలు తక్కువకు దొరకినదని కొనెను. మేస్త్రి తన బల్లక్రిందినుండి మంచి ఫిల్టరునుండి కోసి దాచిన చుట్ట నొకదానిని తీసి ప్రక్కన పెట్టెను. మంచిదానిలో మడతలు దగ్గరదగ్గరగ, ఒకే ఎడముతో నుండెను. దీనిలో మడతలు సగమైనను లేవు. కాగితము చివరలు అతికిన జిగురు ఒకచోట విడిపోయి, వ్రేలు దూరునంత సందు ఏర్పడినది. చమురునకు సందు దొరకినపుడు కాగితమును దాటుటకు శ్రమపడదు గదా! బైపాస్ వాల్వునకు మారుగ ఒక రేకుముక్క అతికింపబడి యుండెను.

మంచి ఫిల్టరును ఎన్నుకొనుట పైకి కనబడునంత సులభము కాదు. బయటి రంగును, బరువును చూచి చెప్పలేము. చూడదగినవానిలో మొదటిది మర. ముప్పాతిక అంగుళపు మర గల ఫిల్టరులు కలవు. ఇరువది మిల్లీమీటర్ల మర గలవియు కలవు. ముప్పాతిక అంగుళమనగా 19.05 మిల్లీమీటర్లు. తేడా ఒక మిల్లీమీటరునకు లోపే. ఇరువది మిల్లీమీటర్ల ఫిల్టరు ముప్పాతిక అంగుళపు బొడిపెమీద ఎక్కును; బిగిసినట్లును తోచును. కాని చలికాలపు ఉదయమున చమురు చిక్కగ నుండి వత్తిడి హెచ్చినపుడు అది ఊడి ఎగిరిపోయి, తొట్టిలోని చమురంతయు రోడ్డు పాలగును. అందుచేత “ఇది పట్టింది కాబట్టి ఇదే” యనుట ప్రమాదము. ఆ ఇంజనునకు తయారీదారు చెప్పిన సంఖ్య గల ఫిల్టరునే అడుగవలెను. బైపాస్ వాల్వు ఎంత వత్తిడికి తెరచుకొనవలెనో కూడ ఇంజను ఇంజనునకు మారును. ఆ సంఖ్యలో అదియు ఇమిడి యున్నది.

రెండవది, చిన్న రంధ్రముల వెనుక లోపలివైపున నుండు రబ్బరు రేకు. ఇంజను ఆపినపుడు చమురు ఫిల్టరునుండి వెనుకకు జారిపోకుండ అది తలుపువలె మూసికొనును. చమురు లోనికి వచ్చునపుడు వంగి దారి ఇచ్చును. బయటికి పోజూచినచో బిగిసి అడ్డును. మామూలు నల్లరబ్బరు వేడికి కొంతకాలమునకు గట్టిపడును; సిలికోను రబ్బరు ఎక్కువ కాలము మెత్తగ నుండును. ఈ రేకు పాడైన బండిలో ఉదయము ఇంజను మొదలుపెట్టగనే కొన్ని క్షణములు కటకటమను చప్పుడు వినబడును. ఫిల్టరు మరల నిండువఱకు బేరింగులు పస్తున్నవని దాని అర్థము.

ఇక వడపోయు శక్తి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. పెట్టెమీద ఇరువది మైక్రానులు అని అచ్చువేసినంత మాత్రమున సంతోషింప నక్కరలేదు. ఆ పరిమాణపు రేణువులు నూరు వచ్చినచో ఎన్నింటిని పట్టును? ఏబదిని పట్టునదియు ఇరువది మైక్రానుల ఫిల్టరే. తొంబదితొమ్మిదిని పట్టునదియు ఇరువది మైక్రానుల ఫిల్టరే. మంచి తయారీదారు ఈ రెండవ సంఖ్యను దాచడు. పల్లెటూరి దుకాణములో ఇది అడుగుట సాధ్యము కాకపోవచ్చును. అట్టివారికి నమ్మకమైన దుకాణమునుండి రసీదుతో కొనుటయే గతి.

మేస్త్రి సంపు విప్పి చూడగా బేరింగులు గీతలు పడి యుండెను. క్రాంకునకు మాత్రము హాని లేదు. క్రొత్త బేరింగులు వేయవలెననెను. ఇంజను అప్పునకు ఇంకను పదునాలుగు వాయిదాలు మిగిలి యుండగా, డ్రైవరు భార్య గాజులు తాకట్టు పెట్టి ఆ డబ్బు తెచ్చెను. అతడు తెచ్చిన రెండవ కోరిక యొకటి కలదు. “ఈ ఫిల్టరు నా చేతికి అందేచోట పెట్టండి మేస్త్రిగారూ. లేకపోతే మళ్ళీ నేను ఇట్లాగే చేస్తాను. నా సంగతి నాకు తెలుసు” అనెను. తన బలహీనతను ఇంత నిర్మొగమాటముగ చెప్పువారు అరుదు.

ఫిల్టరును చోటు మార్చుట అసాధ్యము కాదు. ఫిల్టరు ఉండవలసినచోట ఇంజనునకు ఒక బిళ్ళను బిగింతురు. దానికి రెండు మూతులుండును. ఒక మూతినుండి మురికి చమురు గొట్టము వెంట బయటికి వచ్చును. రెండవ గొట్టము వెంట శుభ్రమైన చమురు తిరిగి వచ్చును. గొట్టముల రెండవ కొనలు, దూరముగ బిగించిన మఱియొక దిమ్మకు చేరును. ఫిల్టరు ఆ దిమ్మకు తగిలించుకొనును. చెప్పుటకు ఇంతే. కాని మేస్త్రి మొదట ఈ పనికి సుముఖుడు కాలేదు. పూర్వము ఒక్క రబ్బరు రింగు ఉన్నచోట ఇప్పుడు నాలుగు క్రొత్త కీళ్ళు వచ్చును. ప్రతి కీలును కారుటకు అవకాశమున్న చోటే. ఇంజను తయారుచేసినవారు ఉంచిన చోటు బాగున్నపుడు, సొగసు కొఱకు ఫిల్టరును కదల్చుట అవివేకమనియే చెప్పవలెను. ఈ బండిలో మాత్రము వేరు దారి లేదు.

గొట్టముల విషయమున ఆయన రాజీపడలేదు. ఇంజను చమురు నూరు డిగ్రీలు దాటి కాగును. చదరపు సెంటీమీటరునకు మూడు నాలుగు కిలోల వత్తిడితో పరుగెత్తును. నీటిగొట్టము గాని, మామూలు పెట్రోలు గొట్టము గాని దానికి నిలువదు. ట్రాక్టర్లకు, మట్టి త్రవ్వు యంత్రములకు హోసులు కట్టు దుకాణములో ఉక్కుతీగ అల్లిక గల రెండు గొట్టములను, కొనలు యంత్రముతో నొక్కించి తెప్పించెను. లోపలి వెడల్పు అర అంగుళము. పొడవు ఒక్కొక్కటి ఒక మీటరు. ఇంజను వణకునపుడు లాగుకొనకుండ కొంచెము వదులు ఉంచెను. ఫ్రేముకు రాచుకొనుచోట పాత ట్యూబు ముక్క చుట్టించెను. పొగగొట్టమునకు జానెడు దూరము ఉండునట్లు చూచెను. దిమ్మను బ్యాటరీ ప్రక్క లోపలి మడ్‌గార్డునకు, ఫిల్టరు మూతి పైకి ఉండునట్లు బిగించెను. అట్లున్నచో విప్పునపుడు డబ్బా చెంబువలె నిండుగ చేతికి వచ్చును; చుక్క కూడ ఒలుకదు.

బిళ్ళమీదను, దిమ్మమీదను ‘ఇన్’ అనియు, ‘అవుట్’ అనియు ఇంగ్లీషు అక్షరములు పోతపోసి యుండెను. మేస్త్రి వద్ద పదునెనిమిదేండ్ల కుర్రవాడు పని నేర్చుకొనుచుండెను. ఇంటర్మీడియేటు తప్పి వచ్చినవాడు. షెడ్డులో ఇంగ్లీషు చదువగలవాడు అతడొక్కడే. పెట్టెలమీది వ్రాతలు, పుస్తకములలోని సంఖ్యలు అతడే చదివి చెప్పుచుండెను. అందువలన అతనికి కొంత గౌరవము లభించినది. మేస్త్రి గొట్టములను కలుపుమని అతనికి ఒప్పగించి భోజనమునకు పోయెను.

సాయంకాలము ఆఱుగంటలకు పని పూర్తియైనది. మఱునాటి తెల్లవారుజామున పెండ్లివారిని అన్నవరము తీసికొనిపోవుటకు డ్రైవరు బయానా పుచ్చుకొని యుండెను. అతడు స్నానము చేసి, తలదువ్వుకొని, తాళముచెవితో సిద్ధముగ నిలుచుండెను.

మేస్త్రికి ఒక అలవాటు కలదు. చమురు దారిలో ఏ మార్పు చేసినను, ఇంజనును వెంటనే మండనీయడు. డీజిలు అందకుండ స్టాపు తీగను లాగి పట్టించి, స్టార్టరుతో మాత్రము పది పదునైదు సెకండ్లు త్రిప్పును. ఇంజను మండకపోయినను పంపు తిరుగును. చమురు బేరింగులకు చేరి ఎఱ్ఱదీపము ఆరినపిదపనే డీజిలు వదలును. ఆ సాయంకాలమును అట్లే చేసెను. దీపము ఆరలేదు. కొంతసేపు ఆగి మరల త్రిప్పెను. ఆరలేదు. మూడవసారియు ఆరలేదు.

“పాత బ్యాటరీ అండీ, సరిగ్గా తిప్పడం లేదు. ఒక్కసారి అందుకుంటే ఆయిలు అదే ఎక్కుతుంది. తెల్లారితే పెళ్ళివాళ్ళు వాకిట్లో ఉంటారు” అని డ్రైవరు తొందరపడెను.

“ఎక్కకపోతే?” అని మేస్త్రి అడిగెను.

ఎవరును మాటాడలేదు. గాజుల సొమ్ముతో కొన్న బేరింగులు లోపల నున్నవి. వానికి మేస్త్రి చేతితో పూసిన చమురు తప్ప వేరు ఆధారము లేదు. ఆ ఇంజనులో దీపపు స్విచ్చి ఫిల్టరు దాటిన తరువాతి దారిలో ఉండుట మేలైనది. ఫిల్టరునకు ముందున్నచో, పంపు త్రోసిన వత్తిడికే దీపము ఆరిపోయి, అంతయు బాగున్నట్లు అందరిని నమ్మించి యుండెడిది.

మేస్త్రి వంగి పంపు సంగతి ఆలోచించుచుండగా, స్టాపు తీగ పట్టుకొని యున్న కుర్రవాడు దానిని విడిచి ముందునకు వచ్చెను. అతని ముఖము పాలిపోయి యుండెను.

“మేస్త్రిగారూ, ఇన్‌కి ఇన్, అవుట్‌కి అవుట్ కలిపానండీ. కలిపేటప్పుడే అనుమానం వచ్చింది. మీరు భోజనానికి వెళ్ళారు. వచ్చాక అడుగుదామనుకున్నాను.”

“మరి అడగలేదేం?”

“ఇంగ్లీషు చదివినవాడివి, ఇదికూడా తెలియదా అంటారని.”

డ్రైవరు ఏదియో అనబోయెను. మేస్త్రి చేయెత్తి వారించి, కుర్రవానితో, “ఇంజనులోంచి బయటికి వచ్చిన ఆయిలు ఫిల్టరులోకి లోపలికి పోవాలి కదా నాయనా! ఒకరి వీధిగుమ్మం దాటి వచ్చినవాడే ఇంకొకరి వీధిగుమ్మంలో అడుగు పెడతాడు” అనెను.

సంగతి అది. బిళ్ళమీది ‘అవుట్’ దిమ్మమీది ‘ఇన్’నకు చేరవలెను. పేరు చూచి పేరును కలుపుటచేత చమురు ఎదురుదారిని, నడిమి పెద్ద రంధ్రముగుండ ఫిల్టరులోనికి వచ్చినది. కాగితమును లోపలినుండి బయటికి దాటి చిన్న రంధ్రములను చేరబోగా, అచ్చట రబ్బరు రేకు తన ధర్మము ననుసరించి బిగిసి మూసికొన్నది. తలుపు ఎంత మంచిదైన అంత గట్టిగ అడ్డినది. చౌక ఫిల్టరు వేసియున్నచో ఏ సందుననో కొంత చమురు కారిపోయి దీపము ఆరి యుండునేమో! ఆ సాయంకాలము లోపము బయటపడుటలో మంచి ఫిల్టరునకును కొంత పాలున్నది.

మేస్త్రి మాటతో ఆగలేదు. బిళ్ళవైపు రెండు గొట్టములను విప్పించి, రెండు మూతుల క్రింద రెండు డబ్బాలు పెట్టించి, స్టార్టరును ఒక్క క్షణము త్రిప్పించెను. ఒక డబ్బాలో చమురు బుడుబుడ పడినది. రెండవది పొడిగ నున్నది. “ఇది బయటికి వచ్చేది. ఇప్పుడు నీ అక్షరాలు చదువు” అనెను. కుర్రవాడు చదివెను. అక్షరములు సరిగానే ఉండెను.

గొట్టములు మార్చి కలిపిరి. ఎదురుదారిని వత్తిడి సోకిన ఫిల్టరును మేస్త్రి మరల వాడనీయలేదు. తన జేబులోని డబ్బిచ్చి, దుకాణము మూయకముందే మఱియొకటి తెప్పించెను. తీసివేసిన దానిని అక్కడికక్కడే కోసి కుర్రవానికి చూపెను. కాగితము చెక్కుచెదరలేదు, రబ్బరు రేకు రంధ్రములకు అంటుకొని యుండెను. ఐనను కోయకముందు ఆ సంగతి ఎవరికి తెలియును? కుర్రవాడు దాని ఖరీదును తన జీతములో తగ్గించుకొమ్మనెను. మేస్త్రి విననట్లు స్పానరులు తుడుచుచుండెను.

క్రొత్త ఫిల్టరును చమురుతో నింపిరి. మూతి రబ్బరునకు చమురు పూసి, అది దిమ్మకు తగిలినపిదప చేతితోనే ముప్పాతిక చుట్టు బిగించిరి. పాత రబ్బరు రింగు దిమ్మకు అంటుకొని యున్నదేమోనని మేస్త్రి వ్రేలితో తడవి చూచెను. రింగుమీద రింగు పడినచో ఎంత బిగించినను కారక మానదు. రెండవసారి త్రిప్పుసరికి దీపము ఆరినది. డీజిలు వదలిరి. ఇంజను అందుకొన్నది. నాలుగు కీళ్ళ క్రిందను తెల్లకాగితములు పరచి, పదినిమిషములు నడిపి, మరక పడలేదని చూచి ఆపిరి. గేజికడ్డీ తీసి చూడగా చమురు మట్టము దిగి యుండెను. ఇది లెక్కకు అందునదే. అర అంగుళపు గొట్టములో మీటరు పొడవునకు దాదాపు 127 ఘన సెంటీమీటర్ల చమురు పట్టును; రెండు గొట్టములకు పావులీటరు. ఈ లెక్క మరచి, పాత కొలత ప్రకారము చమురు పోసి ఊరకుండువారు కలరు.

డ్రైవరు రాత్రి పదిగంటలకు బయలుదేరి గుడివాడ చేరెను. పెండ్లివారు ముహూర్తమునకు అన్నవరములో నుండిరి.

ఐదువేల కిలోమీటర్లు తిరిగినపిదప అతడు తానుగ ఆటోనగరునకు వచ్చెను. కుర్రవాడు బానెట్టు ఎత్తి, చేయి చాచి ఫిల్టరును విప్పి, నిండు చెంబువలె బయటికి తీసెను. పావుగంటలో పని ముగిసినది. మేస్త్రి చెప్పకముందే అతడు పాతదానిని రేకుకత్తెరతో కోసి, మడతను పిండి, వ్రేలిపై పూసికొని ఎండలోనికి పోయెను. డ్రైవరు వెంట పోయి చూచెను. మసి మాత్రమే యుండెను. వ్రేలిని ఎటు త్రిప్పినను మెరుపు కానరాలేదు.

గొట్టముల రెండు కొనలయందును కుర్రవాడు ఆనాటి రాత్రియే రంగుపట్టీలు వేసి యుండెను; ఇంజనునుండి వచ్చుదానికి ఎఱుపు, తిరిగి పోవుదానికి తెలుపు. తెల్లపట్టీ నూనెమరకలకు పసుపుబారినది. అతడు దానిని గుడ్డతో తుడిచి, డబ్బాలో మిగిలిన రంగుతో మరల వేసెను.